ఇద్దరికి గది

"ఎంతమంది?" అని తలుపు సందులోంచి అడిగితే "ఇద్దరం" అనేశాడు దర్జీ. ముప్పై ఏళ్ళుగా ఈ వీధుల్లో ఎవరు అడిగినా చెప్పిన మాట అదే, నాలుక అలవాటు పడిపోయింది, భార్య పోయి ఏడు నెలలైందని దానికి ఎవరు చెప్పాలి? తలుపు తీసిన బట్టతల పెద్దమనిషి దర్జీ భుజం మీదుగా వెనక్కి చూశాడు. వెనక మెట్ల మీద కుట్టుమిషను పెట్టె, దాని మీద గుడ్డసంచి, సంచి మీద దారాల డబ్బా, అంతే. "ఇద్దరికైతే లేదండీ. ఒక్కరైతే చెప్పండి, వరండాలో మంచం వేసి తెర కట్టిస్తాను," అన్నాడు ఆయన. నేనొక్కణ్ణేనండీ అంటే సరిపోయేది. కానీ ఇద్దరం అన్న నోటితోనే మరుక్షణం ఒక్కణ్ణి అంటే ఏమనుకుంటాడు, రెండో మనిషిని మెట్ల మీద పారేసుకున్నాడనుకోడూ? "పర్వాలేదండీ, ఇంకోచోట చూసుకుంటాం," అన్నాడు, మళ్ళీ అదే, చూసుకుంటాం అట, ఎవరెవరు? తలుపు మూసుకుంది. తెర కట్టిన వరండా, గాలి, వెలుతురు, బంగారంలాంటి బస, చేజేతులా పోగొట్టుకుని మిషను మళ్ళీ భుజానికెత్తుకున్నాడు.

రేసుకోర్సు గోపురం మీద గడియారం నాలుగు దాటి అయిదు నిమిషాలు చూపిస్తోంది. అయిదింటికల్లా, జాకీల బరువు చూసే తూకం గది గుమాస్తాకి బస ఎక్కడో రాసివ్వాలి, ఇక్కడి పద్ధతి అది, పెద్ద పందేలు జరిగే పది రోజులూ దర్జీ అనేవాడు మైదానానికి కేక వేస్తే వినపడే దూరంలో ఉండాలి. జాకీల చొక్కాలు కుట్టేవాడికి పందెం రోజున తీరిక ఉండదు. గుర్రం యజమాని ఒక్కొక్కరికీ ఒక్కో రంగు, ఎర్ర ఒంటికి తెల్ల చేతులు ఒకరివి, ఆకుపచ్చ మీద పసుప్పచ్చ చుక్కలు ఇంకొకరివి, అవన్నీ పుస్తకంలో రాసి ఉంటాయి, ఇరవై గుర్రాలు దుమ్ము రేపుకుంటూ వస్తుంటే జనం గుర్రాన్ని చూడరు, జాకీ చొక్కానే చూస్తారు. అందుకని చంక దగ్గర చిరిగినా, కాలరు ఊడినా అదే రంగు దారంతో అప్పటికప్పుడు కుట్టివ్వాలి, రంగు తేడా వస్తే జాకీని గుర్రం ఎక్కనివ్వరు. ముప్పై ఏళ్ళలో దర్జీ చేతి మీదుగా అలా ఒక్క చొక్కా కూడా వెనక్కి రాలేదు. "నీ కన్నే కన్నోయ్," అనేవాడు పాత గుమాస్తా, చొక్కా వెలుతురులోకి ఎత్తి పట్టుకుని కుట్టు ఎక్కడుందో వెతుక్కుంటూ. నా కన్ను, అనుకునేవాడు దర్జీ, తలవంచుకుని. పక్కన ఆవిడ బొత్తాం కుడుతూ పళ్ళతో దారం పుటుక్కున కొరికేది, ఏమీ ఎరగనట్టు.

పక్క వీధిలో ఇసుక వేస్తే రాలనంత జనం. ఈ పది రోజులూ ఇక్కడివాళ్ళ బుర్రలు భలే పనిచేస్తాయి, మంగలి తన కొట్లో కుర్చీలు గోడకి జరిపి నేలమీద పరుపులు పరిచాడు, పళ్ళ డాక్టరు తన వాలుకుర్చీని రోజుకొకరికి ఇస్తున్నాడట, ఒకాయన షెడ్డులోంచి కారు బయటపెట్టి నలుగురు మనుషుల్ని లోపల పెట్టాడు. కిటికీల్లో అట్టముక్కలు, గదులు లేవు, గదులు లేవు, ఒకచోట గదులు లేవు అడగొద్దు, దాని పక్కింట్లో ఒట్టి "చెప్పాంగా" అని మాత్రం. ఆవిడుంటే ఆ "చెప్పాంగా" దగ్గర ఆగిపోయేది, నడవలేక పొట్ట పట్టుకుని నవ్వేది, ఏవండీ చూశారా ఎంత విసిగిపోయారో పాపం అని. పొట్ట పట్టుకుని. నిరుడు రెండో రోజు పందేలప్పుడు కంచె దగ్గర ఆవిడ అలాగే పొట్ట పట్టుకుని వంగితే నవ్వుతోందనుకున్నాడు. ఏమిటోయ్ అంత నవ్వు, నాకూ చెప్పు, అన్నాడు కూడా. ఆవిడ తలెత్తేసరికి మొహం పాలిపోయి ఉంది, పెదవి మీద పళ్ళ గాట్లు. జాకీల ఎముకలు చూసే డాక్టరు ఆమె పొట్ట నొక్కి చూసి, ఏమీ మాట్లాడకుండా పెద్దాసుపత్రికి చీటీ రాశాడు. మాట్లాడకుండా రాసినప్పుడే అర్థం చేసుకోవలసింది. గదులు లేవు. ఇక్కడా లేవు. ఇక్కడ తలుపు తీసిన ముసలావిడ ఎంతమంది అని అడగనే లేదు, "మా అల్లుడే వంటింట్లో పడుకుంటున్నాడు నాయనా," అని జాలిగా చెప్పి తలుపు వేసుకుంది.

మిషను బరువెక్కింది. అదే మిషను, అదే భుజం, కాకపోతే ఇరవై రెండేళ్ళుగా ఈ వీధుల్లో వెతికే పని పడలేదు కదా. భుజం మార్చుకోబోతే పైనున్న డబ్బా జారింది, పడకుండా పొట్టకి ఆనించి పట్టుకున్నాడు, లోపల దారపు ఉండలు గలగలమన్నాయి. పడినా ఏం పోయింది, అవి ఎప్పుడో చెడిపోయాయి. ఆవిడ పోయిన పదో రోజున కూతురు ఇల్లు సర్దుతూ ఈ డబ్బా కూడా సర్దింది, చిన్న ఉండలు ఒకవైపు, పెద్దవి ఒకవైపు, ముద్దుగా, అద్దాల బీరువాలో బొమ్మల్లా. "చూడు నాన్నా, అమ్మ ఎలా పెట్టుకుందో, గందరగోళంగా," అంది ముక్కు తుడుచుకుంటూ. దర్జీ చూశాడు. ఎరుపు ఎడమ పక్క, ఆకుపచ్చ కుడి పక్క, మధ్యలో తెలుపూ నలుపూ గోడలా, అదీ ఆవిడ పెట్టిన వరస, గందరగోళం కాదమ్మా అది, అది మీ నాన్న కళ్ళు. చెప్పలేదు. చాలా బాగుందమ్మా అన్నాడు. కూతురికి తెలియదు, కొట్లో పనిచేసి వెళ్ళినవాళ్ళకి తెలియదు, ఏ యజమానికీ తెలియదు, ఇంత పేరున్న దర్జీకి ఎరుపూ ఆకుపచ్చా ఒకటే అని, రెండూ తడిసిన మట్టి రంగే అని.

ఆవిడకి మాత్రం పెళ్ళైన మూడో నెలలోనే తెలిసిపోయింది. అప్పుడు ఒక తెల్లచొక్కాకి జబ్బ మీద నక్షత్రం కుట్టి, ఇస్త్రీ చేసి, తగిలించి, మిగతావి ఇచ్చిరావడానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి ఆవిడ నక్షత్రం చుట్టూ కుట్టంతా ఊడదీసి మళ్ళీ కుడుతోంది. ఎర్ర నక్షత్రానికి అతను ఆకుపచ్చ దారం వాడాడు, అంత పొడుగునా, ఒక్క పోగు కూడా వదలకుండా. దర్జీ గుమ్మంలోనే నిలబడిపోయాడు, ఇంకేముంది, పరువు పోయింది, పని పోయింది, పెళ్ళాం ముందు తలెత్తుకునే రోజు కూడా పోయింది అనుకున్నాడు. ఆవిడ తలెత్తకుండానే, కొట్లో అందరికీ వినపడేలా గయ్యిమంది: "ఇవాళ్టి నుంచి ఈ డబ్బా నాది. దారాలన్నీ చిక్కులు పెడుతున్నారు. ఎవరికి ఏ ఉండ కావాలన్నా నన్నడిగి తీసుకోవాలి, మీరైనా సరే, చెప్పేశా." గయ్యాళి దొరికిందిరా మన దర్జీకి అని కొట్లో నవ్వుకున్నారు. ముప్పై ఏళ్ళు గయ్యాళి అనిపించుకుంది. నీకెలా తెలిసింది అని అతను అడగలేదు, ఎందుకు దాచారని ఆవిడా అడగలేదు. ఇదిగోండి మీ దారం, అని చేతిలో పెట్టేది, సరిగ్గా అదే రంగు. అలాంటి మనిషికి తను ఏం చేశాడు? ఆఖరికి ఏం చేశాడు?

లాయాల గోడ వెంబడి నడుస్తున్నాడు. అవతల గుర్రాలు కాళ్ళు మార్చుకుంటున్న చప్పుడు, కొత్తగడ్డి వాసన, తడి జీను వాసన. గేటు దగ్గర గడ్డిమోపు మీద కూర్చుని ఉన్నాడు గుర్రాలకి మేత వేసే ముసలాయన, అందరూ గడ్డిమావయ్య అంటారు, ఎవరికి మావయ్యో ఎవరికీ తెలియదు, దర్జీని మాత్రం బావా అని పిలుస్తాడు, ఎందుకంటే ఆవిడ ఒకసారి అతని చిరిగిన కోటు అడక్కుండానే కుట్టిచ్చింది, ఆ రోజు నుంచి ఆవిడ అతనికి చెల్లెలు.

"వచ్చావా బావా! ఏదీ మా చెల్లెమ్మ?"

"వెనకొస్తోంది," అన్నాడు దర్జీ.

అన్నాక గానీ ఏమన్నాడో తెలియలేదు. గడ్డిమావయ్య మెడ చాచి వీధి చివరి దాకా చూశాడు, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ జనంలో ఒక మనిషి కోసం వెతుకుతూ. దర్జీ కూడా చూశాడు. ఇద్దరూ అలా చూశారు కాసేపు. "ఇంకా బస దొరకలేదు మావయ్యా," అన్నాడు మాట మార్చి. "తాళాలావిడ ఇల్లుండగా మీకు బస కరువేమిటి? మొగుడూ పెళ్ళాలు ఏమైనా పోట్లాడారా ఆవిడతో? పోనీ లాయంలో పడుకోండి, గుర్రాలు మనుషుల్లా గురకపెట్టవు," అని నవ్వాడు ముసలాయన. దర్జీ కూడా నవ్వాడు. నవ్వు దానంతటదే వచ్చింది, అబద్ధం వచ్చినంత తేలిగ్గా. అలవాటైపోయింది కదా, అయిదు నెలలు రోజూ సాధన చేశాడు.

తాళాలావిడ ఇల్లు. తెల్ల కంచెకి ఎదురుగా, రెండో వరసలో, పై అంతస్తు, కిటికీ తెరిస్తే ఉదయం పూట గుర్రాలు మంచులోంచి నడిచి రావడం కనిపిస్తుంది. ఇరవై రెండేళ్ళు అదే గది. ఇంటావిడ ఎప్పుడూ తాళాలగుత్తి నడుముకి వేలాడేసుకుని తిరుగుతుంది, పెద్ద నోరు, మెత్తటి మనసు, ఆవిడా ఈవిడా వదినా అంటే వదినా అనుకుంటూ మెట్ల మీదే గంటలు గడిపేవాళ్ళు. ఈ వీధుల్లో ఒక పద్ధతుంది, పందేల ఆఖరి రోజున వెళ్ళిపోయేవాళ్ళు వచ్చే ఏటికి కూడా గది మాదే అని చెప్పి వెళ్ళాలి, ఇంటివాళ్ళు గోడ మీద క్యాలెండరు వెనక రాసుకుంటారు, చెప్పకపోతే గది పోయినట్టే, మర్నాడే ఇంకొకరు పుచ్చుకుంటారు. నిరుడు ఆఖరి రోజున దర్జీ చెప్పలేదు. మరిచిపోలేదు, కావాలనే చెప్పలేదు. వచ్చే ఏడు అన్న మాట ఆవిడ ముందు నోటితో ఎలా అనడం? మిషను భుజానికెత్తుకుని గబగబా దిగి బండి దగ్గర నిలబడ్డాడు. ఆవిడే రావడానికి ఆలస్యం చేసింది, ఆ ఇంటావిడతో ఏదో మాట్లాడుతూ. ఎంతసేపు, ఏం కబుర్లవి, అని విసుక్కున్నాడు. కాబట్టి ఆ గది ఇప్పుడు ఎవరిదో. అదొక సాకు. అసలు సంగతి అది కాదు, ఆ గది ఖాళీగా ఉన్నా అతను వెళ్ళలేడు, అబద్ధం చెప్పింది ఆ గదిలోనే కదా.

ఆరో రోజు. పందేలు లేని రోజు. ఆస్పత్రి కాగితాలు తీసుకురమ్మని ఆవిడే పంపించింది, నాకు చేతినిండా బొత్తాలున్నాయి మీరు వెళ్ళి రండి అని. డాక్టరు చెప్పాడు. ఎన్నాళ్ళు అంటే నెలలు అన్నాడు, ఎన్ని అంటే తల ఊపాడు. ఆస్పత్రి నుంచి తాళాలావిడ ఇంటికి నడిచి వస్తే అరగంట, దర్జీ ఆ రోజు మైదానం చుట్టూ కంచె వెంబడి రెండుసార్లు తిరిగాడు, కాళ్ళు లాగేదాకా, ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ. కడుపులో పుండు. మందులు వాడితే తగ్గిపోతుంది. కారం తినకూడదు. కారం మాట బాగుంది, నమ్మేలా ఉంది, అది కూడా చేర్చాడు. మెట్లెక్కి తలుపు తీసేసరికి ఆవిడ కిటికీ దగ్గర సూదిలో దారం ఎక్కిస్తోంది. చెప్పాడు. గోడ వైపు చూస్తూ చెప్పాడు, ఎక్కడా తడబడకుండా. ఆవిడ మధ్యలో అడ్డం రాలేదు. అంతా విని "అంతేనా?" అంది. "అంతే," అన్నాడు. "హమ్మయ్య. నేనింకా ఏదో అనుకున్నా," అంది. సూదిలో దారం ఎక్కింది. ఆ చొక్కా చెయ్యి ఇస్త్రీ చేసి ఇవ్వండి అని అందించింది. ఇస్త్రీ చేశాడు.

ఇక అక్కణ్ణుంచి అయిదు నెలలు. మందు సీసాల మీద కాగితాలు గోటితో గీకేశాడు. కూతుర్ని వంటింట్లోకి పిలిచి నవ్వుతూ మాట్లాడమని బతిమాలాడు. డాక్టరు ఇంటికొస్తే పాత స్నేహితుడు, ఊరికే చూసిపోదామని వచ్చాడు అని చెప్పాడు. ఆవిడ ఆ స్నేహితుడికి టీ పెట్టమని కూతురికి చెప్పి, మీకూ జాకీ చొక్కాలు కుట్టాలా ఏమిటండీ అని నవ్వించింది. చిక్కి సగమైపోయింది, పుండు కదా తిండి తగ్గింది అన్నాడు. వచ్చే ఏటి పందేలకి కొత్త దారాలు తెప్పించండి అంది, తెప్పించాడు, మంచం మీద కూర్చుని అవి డబ్బాలో సర్దుకుంది, వణికే వేళ్ళతో, ఎడమ పక్కవి ఎడమ పక్క, కుడి పక్కవి కుడి పక్క. అది చూస్తూ గుమ్మంలో నిలబడి దర్జీ తన అరచెయ్యి కొరుక్కున్నాడు. ఆ నమ్మకంతోనే పోయింది. పోతానని తెలియకుండా పోయింది. తెలిస్తే ఏమైనా చెప్పుకునేదేమో. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి వెళ్ళేముందు చెప్పాల్సినవి ఉండవా, కోపాలో, అప్పగింతలో, ఒక్కసారి చెయ్యి పట్టుకుని ఏడవడమో? ఆ అవకాశం తను దొంగిలించాడు. భయపడుతుందని కాదు, ఆవిడ భయపడుతుంటే తను చూడలేడని. నా కోసం నేను చెప్పుకున్న అబద్ధం, దానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నా. ఈ ఏడు నెలలూ అతన్ని తొలిచేస్తున్నది ఇదే. పోయినందుకు ఏడవడానికి కూడా మొహం చెల్లడం లేదు.

గడియారం ముల్లు ముప్పావుకి వచ్చింది. ఇంకో రెండు తలుపులు తట్టాడు. ఒకచోట పైన పాట వినిపిస్తోంది గానీ తలుపు తీయలేదు, ఇంకోచోట ఒకాయన నోట్లో పళ్ళపుల్లతో అడ్డంగా తల ఊపాడు. చిరునామా ఇవ్వకపోతే పని ఇంకొకరికి పోతుంది, పోతే పోనీ, ఈ కళ్ళతో, ఈ డబ్బాతో రేపు ఏం కుడతాడు గనక? అయినా కాళ్ళు వీధి మలుపు తిరిగాయి, రెండో వరస, పచ్చో ఎరుపో ఎప్పుడూ తెలియని ఆ గేటు. వదిన రాలేదా అని తాళాలావిడ అడుగుతుంది. వెనకొస్తోంది అంటాడా? ఎన్నిసార్లు అంటాడు? ఈసారి అనడు. పోయిందమ్మా అంటాడు. ఆ మాట పెదాల మీద పెట్టుకుని, పడిపోకుండా పట్టుకుని, మెట్లెక్కాడు.

తట్టకముందే తలుపు తెరుచుకుంది. "ఇప్పుడా రావడం? పొద్దుట్నుంచీ ఎదురుచూస్తున్నా. ముందా మిషను దించండి అన్నయ్యా, నడుం పట్టేస్తుంది," అంది తాళాలావిడ. ఎంతమంది అని అడగలేదు. వెనక్కీ చూడలేదు. పెదాల మీది మాట అక్కడే ఉండిపోయింది. "గదికి నేను నిరుడు చెప్పలేదు కదమ్మా," అన్నాడు. "చెప్పాల్సినవాళ్ళు చెప్పారు. గుమాస్తాకి కూడా పొద్దున్నే కబురు పంపించేశా, మీ బస ఇక్కడేనని. పదండి పైకి." గదిలో ఇద్దరు పడుకునే పెద్ద మంచం లేదు. ఒక్కరికి సరిపోయే మంచం గోడకి వేసి ఉంది, బల్ల కిటికీ దగ్గరికి జరిపి ఉంది. దర్జీ గుమ్మంలో నిలబడి చూస్తుంటే, తాళాలావిడ దారాల డబ్బా అందుకుని, బల్ల మీద బోర్లించి, ఉండలు ఒక్కొక్కటే వేరు చేయడం మొదలుపెట్టింది, కొన్ని ఎడమకి, కొన్ని కుడికి.

"వాటిని కదపకండి," అన్నాడు గట్టిగానే. "వరసలో ఉన్నాయి."

"ఎక్కడి వరస అన్నయ్యా? ఎరుపూ ఆకుపచ్చా కలగాపులగంగా ఉంటేనూ."

ముప్పై ఏళ్ళ గుట్టు బల్ల మీద పరిచినట్టు ఉంది, చెవులు వేడెక్కాయి. "ఎవరు చెప్పారు మీకు?" అన్నాడు దర్జీ.

"వదినే చెప్పింది. 'వచ్చే ఏడు ఆయన ఒక్కరే వస్తారు, అడగడానికి నామోషీ పడతారు, నువ్వే పొద్దున్నే డబ్బా తీసి సర్దిపెట్టు' అని. నా చేత ఒట్టు కూడా వేయించుకుంది."

"వచ్చే ఏడు ఒక్కణ్ణే అందా? ఆఖరి రోజునా?"

"ఆఖరి రోజున గుర్తుచేసింది. మొదట చెప్పింది అయిదో రోజునే," అంది తాళాలావిడ, ఉండలు సర్దుతూనే, అతని వైపు చూడకుండా. "మీరు జీనుల కొట్టుకి వెళ్ళిన పొద్దున మేమిద్దరం ఆస్పత్రికి వెళ్ళాం. కాగితాలు ఆ రోజే వచ్చాయి. డాక్టరు అంతా చెప్పాడు. వదిన విని, 'రేపు మా ఆయన్ని పంపిస్తాను, ఒక్కరే వస్తారు, నాకు తెలుసని చెప్పొద్దు, కూర్చోబెట్టి చెప్పండి, నిలబెట్టి చెప్పకండి' అని మరీ మరీ చెప్పింది డాక్టరుకి."

డాక్టరు తన కుర్చీలోంచి లేచి వచ్చాడు ఆ రోజు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, కుర్చీ లాగి, భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు, ముందే తెచ్చిపెట్టిన నీళ్ళ గ్లాసు మీద మూత తీసి చేతికిచ్చాడు. ఎంత మంచి డాక్టరు, అనుకున్నాడు దర్జీ అప్పుడు. మంచి డాక్టరు.

"నీకు చెప్తాడా అన్నయ్య అని అడిగాను నేను, దారిలో. 'ఆయన ఏ జబ్బని చెప్తే అదే నా జబ్బు,' అంది."

పుండు. అంతేనా? అంతే. హమ్మయ్య. గోడ వైపు చూస్తూ తను చెప్తుంటే ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ వింది, కారం తినకూడదన్న మాట కూడా వింది, కంచె చుట్టూ రెండుసార్లు తిరిగి కుట్టుకొచ్చిన అబద్ధాన్ని ఎక్కడా కుట్టు ఊడకుండా ఒంటికి తొడుక్కుంది. గీకేసిన సీసాలు చూసింది. స్నేహితుడికి టీ ఇప్పించింది. తను వంటింట్లో, ఆవిడ మంచం మీద, ఇద్దరూ ఒకరి కోసం ఒకరు నవ్వుకుంటూ, అయిదు నెలల్లో ఒక్క రోజైనా, ఒక్క గంటైనా కలిసి ఏడవకుండా గడిపేశారు. ఆవిడకి తెలియకుండా పోయిందనుకుని కుమిలాడు ఇన్నాళ్ళూ. తెలిసి, ఒక్కతే, అతని పక్కనే పడుకుని, ఒక్కతే. అది ఇంకా భరించరాకుండా ఉంది. దర్జీ మంచం మీద కూలబడ్డాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అడిగాడు.

"ఏడ్చిందా?"

తాళాలావిడ చేతులు ఆగాయి. "ఏడవకుండా ఎలా ఉంటుంది అన్నయ్యా. ఇంటికొచ్చేదాకా ఓర్చుకుంది. వచ్చాక ఈ గదిలోనే, ఆ కిటికీ పట్టుకుని. మెట్ల మీద మీ అడుగుల చప్పుడు వినపడగానే లేచి గబగబా మొహం కడుక్కుంది."

అయిదో రోజు, మధ్యాహ్నం. జీనుల కొట్టు నుంచి వచ్చాడు, ఆకలి మీద, ఎండలో. ఆవిడ బల్ల దగ్గర కూర్చుని ఉంది, ముందు మర్నాటికి ఇవ్వాల్సిన తెల్లచొక్కా, మొహమంతా తడి, జుట్టు చివర్ల నుంచి బొట్టు బొట్టుగా నీళ్ళు ఆ నున్నటి గుడ్డ మీద పడుతున్నాయి. చుక్క పడితే మరక పడే గుడ్డ అది. బుద్ధుందా నీకు, అని అరిచాడు. తడిమొహంతో ఎవరైనా కుట్టుకి కూర్చుంటారా, ముప్పై ఏళ్ళైంది, ఇంకా నేనే నేర్పాలా, అని చొక్కా ఆమె చేతుల్లోంచి లాక్కున్నాడు. "అయ్యో, చూసుకోలేదండీ," అంది ఆవిడ, మోచేత్తో మొహం తుడుచుకుంటూ. "ఆరిపోతుందిలెండి." ఆ రోజు సాయంత్రం దాకా అతను ఆమెతో మాట్లాడలేదు.